ఆరో ముసుగు

ఆ రోజు ఇంట్లో తొమ్మిది మంది ఆడవాళ్లున్నారు. గాకెన్యా, ఆమె కూతురు ముకామి, మనవరాలు మురింగో, ముకామి చర్చి స్నేహితురాళ్లు ఇద్దరు, పొరుగిళ్ల అమ్మాయిలు నలుగురు. మగవాళ్లంతా పెరట్లో మేకలు కాలుస్తున్నారు. వాళ్లకు పెద్ద దిక్కు గాకెన్యా అన్న మథెంగే.

గాకెన్యా చీకటితోనే లేచి స్నానం చేసింది. మబ్బు పట్టి చెమట పోస్తుంటే మళ్లీ చేసింది. మడమలు రాయితో రుద్ది నూనె పట్టించింది.

ఆ రోజు పాదాలే ముఖ్యం. మగపెళ్లివారు వచ్చాక కొందరు ఆడవాళ్లు తల నుంచి చీలమండల దాకా లేసో గుడ్డలు చుట్టుకుని వాకిట్లో వరసగా నిలబడతారు. వాళ్లలో తన మనిషి ఎవరో పెళ్లికొడుకు గిచూకి గుర్తుపట్టాలి. తప్పు మనిషిని పట్టుకుంటే ఒక మేక జరిమానా. ఎవరినీ పోల్చుకోలేకపోతే తల దించుకుని వెనక్కి పోవాల్సిందేనని ముకామి అప్పటికే తేల్చి చెప్పింది.

చర్చి స్నేహితురాళ్లు మంచం మీద చేరి, అందరికంటే ముందే తెప్పించుకున్న పక్కటెముకలు చీకుతున్నారు. కొవ్వు గడ్డాల మీదికి కారుతోంది.

"అబ్బ, ఏంటే ఈ వాసన?" ఒకావిడ ముక్కు చిట్లించింది. "ముసలి వాసన."

"నూనె వాసనమ్మా," అంది గాకెన్యా. "నీ గడ్డం కూడా కాస్త తుడుచుకో. ఇద్దరం శుభ్రంగా ఉంటాం."

అమ్మాయిలు కిసుక్కుమన్నారు. గాకెన్యా పెట్టె తెరిచి మడత విప్పని కొత్త లేసోలు రెండు బయటికి తీసింది. పసుపు మీద ఎర్ర పూలు.

"అవెందుకు?" అంది ముకామి.

"చుట్టుకోడానికి."

"అమ్మా, నీకు అరవై ఎనిమిదేళ్లు."

"లెక్క నాకూ వచ్చు."

"ఆ మోకాళ్లతో అంతసేపు నిలబడతావా?"

"నిన్ను వీపున కట్టుకుని టీ ఆకు కోసింది ఈ మోకాళ్ల మీదే. అప్పుడు నువ్వేం అడగలేదు."

రెండో స్నేహితురాలు ఎముకను పళ్లెంలో పడేసి వేళ్లు నాక్కుంది. "పోనీలే ముకామీ, సరదాకి ఒక ముసలమ్మను కూడా నిలబెడితే ఏం పోయింది? జనం నవ్వుకుంటారు."

"మీరు నవ్వుకోడానికి నేను నిలబడట్లేదు," అంది గాకెన్యా.

ముకామి తల్లి పాదాల వంక చూసింది. ఎండలో పడున్న చచ్చిన ఎలుకను చూసినట్టు చూసింది.

"చూసేవాళ్లకి కడుపులో తిప్పుతుందమ్మా. ఆ నరాలేంటి, ఆ ముడతలేంటి! నైరోబీ నుంచి మా ఆఫీసువాళ్లు వస్తున్నారు. వాళ్ల ముందు నా పరువు తీస్తావా? నాన్న ఉంటే సిగ్గుతో చచ్చేవాడు."

"మీ నాన్న పోయి పన్నెండేళ్లు. ఇన్నాళ్లూ నువ్వు కట్టమన్న గుడ్డే కట్టాను. కూర్చోమన్న మూలే కూర్చున్నాను. ఈ ఒక్క రోజు వాకిట్లో నిలబడతాను."

ముకామి ఆమె చేతిలోంచి లేసోలు లాగబోయింది. వేళ్లకు నూనె అంటింది. వెంటనే చేతిరుమాలు తీసి ఒక్కో వేలూ విడివిడిగా తుడుచుకుంది.

గాకెన్యా అదంతా నిలబడి చూసింది. ఆమెకు కోపం రాలేదు. అసహ్యం వేసింది. ఆ వేళ్లకు అంటిన చీమిడీ, మలమూ అన్నీ తను కడిగినవే. ఏనాడూ ముక్కు మూసుకోలేదు.

గోడకున్న అద్దాన్ని దించి నేల మీద ఆనించి, అందులో పాదాలు చూసుకుంది. నల్లగా నిగనిగలాడుతున్నాయి.

"బాగున్నాయి," అంది పైకే.

మురింగో గోళ్ల రంగు మూత బిగిస్తూ గొణిగింది. "అమ్మా, అమ్మమ్మను రానీ. నువ్వు చేసేది తప్పు."

"నువ్వు నోరు మూసుకుని గోళ్లు ఆరబెట్టుకో."

గేటు దగ్గర పాట మొదలైంది. పెరట్లోంచి మథెంగే కేక పెట్టాడు.

"ముకామీ! కుర్రాడు వచ్చేశాడు! కట్టేసిన మేక కంటే ఎక్కువ వణుకుతున్నాడు. త్వరగా కానివ్వండి!"

ఇంట్లో హడావుడి. చర్చి స్నేహితురాళ్లు జిడ్డు చేతులతోనే అమ్మాయిలకు ముసుగులు చుట్టారు. మురింగో, పొరుగు అమ్మాయిలు నలుగురు. ముకామి వేలితో లెక్కపెట్టింది.

"ఐదుగురు. చాలు. ఒక్కరూ నోరు విప్పొద్దు. భుజం తట్టినా కదలొద్దు. అర్థమైందా?"

ముసుగులు తలలూపాయి. వరస గుమ్మం వైపు తిరిగింది. చివర్న ఆరో ముసుగు వచ్చి చేరింది. పసుపు మీద ఎర్ర పూలు.

ముకామి వంగి పాదాలు చూసింది. ఆ ముసుగు మోచెయ్యి పట్టుకుని పక్క గది దాకా ఈడ్చింది.

"నీకు వంట్లో బాగాలేదని మామయ్యకి నేను చెప్పుకుంటాను."

"నాకు బాగానే ఉంది."

"ఈ వయసులో బాగాలేదంటే ఎవరైనా నమ్ముతారు."

గాకెన్యా ముసుగు వెనక్కి తోసింది. చెవులకు పూసలున్నాయి. ముఖంలో బెదురు లేదు.

"నాకు వయసొచ్చిందే, సిగ్గు రాలేదు. నీకు సిగ్గైతే నువ్వు కూర్చో లోపల."

వాకిట్లో పాట గుమ్మం దాకా వచ్చేస్తుంటే, ముకామి పెళ్లికూతురిని, తన కన్నతల్లిని, గదిలోకి నెట్టి, తలుపు మూసి, బయట గడియ పెట్టింది.