రెండంగుళాల చేప

"మళ్ళీ రెండంగుళాలే," అన్నాడు చేపల కొట్టతను, గాజు సీసాకు స్కేలు ఆనించి. "మూడేళ్ళలో వెంట్రుకవాసి కూడా పెరగలేదు చెల్లెమ్మా. దీని ఈడుదే నా కొట్లో జానెడుంది."

ఆమె తల వంచుకుంది.

చేప కళ్ళు మాత్రం పెరిగాయి, ఒళ్ళు పెరగలేదు. మురికి నీళ్ళలో అర్ధాకలితో బతికే చేపలు అలాగే అవుతాయని అతనికి తెలుసు.

"ఇవి దేనివల్ల పెరుగుతాయో ఇంకోసారి చెప్పండన్నయ్యా," అంది ఆమె, ఎప్పటిలాగే నోటుపుస్తకం తెరిచి.

చెప్పిందే చెప్పాడు. వారానికోసారి సగం నీళ్ళు మార్చాలి. ఫిల్టరు ఆపకూడదు. రెండు పూటలా మేత వెయ్యాలి, మధ్యమధ్య ఉడికించిన బఠాణీ చిదిమి పెట్టాలి. ఆమె ఒక్క ముక్క వదలకుండా రాసుకుంది. నెలనెలా ఇదే తంతు.

ఇంకొకరైతే ఈపాటికి చెడామడా దులిపేసేవాడు. కానీ ఈ చేపను కొనుక్కున్న పాప ఇప్పుడు లేదు. ఏడేళ్ళ పిల్ల. వాళ్ళ నాన్న వేలు పట్టుకుని వచ్చి, కొట్టు మొత్తానికి బక్కదాన్ని ఏరి పట్టుకెళ్ళింది. నెల తిరక్కుండా ఆసుపత్రిలో చేరింది. మళ్ళీ ఇంటికి రాలేదు. ఆ తల్లికి పాప గుర్తుగా మిగిలింది ఇదొక్కటే. ఇదీ పోతే ఆమె ఏమైపోతుందోనని అతని బెంగ.

ఆ ఆదివారం ఇక ఉండబట్టలేక, రెండు క్యాన్ల మంచినీళ్ళు స్కూటరు మీద పెట్టుకుని తనే వాళ్ళింటికి వెళ్ళాడు.

తొట్టిలో నీళ్ళు టీ రంగుకు తిరిగాయి. తను ఇచ్చిన ఫిల్టరు అట్టపెట్టెలోంచి బయటికే రాలేదు. పక్కన మేత డబ్బాలు వరసగా పేర్చి ఉన్నాయి, ఒక్కటి తప్ప సీలు తియ్యనివే. గాజు మీద స్కెచ్ పెన్నుతో గీసిన చిన్న అరచెయ్యి ఉంది.

అతనికి ఒళ్ళు మండింది.

"ఇన్నాళ్ళూ నేను గోడకు చెప్పుకున్నట్టేనా? పాప చేపని చేతులారా చంపుకుంటారా?" అంటూ క్యాను మూత తిప్పాడు.

ఆమె రెండు చేతులూ తొట్టికి అడ్డం పెట్టింది.

"వద్దన్నయ్యా, ఆసుపత్రికి వెళ్ళేరోజు ఈ గాజు మీద చెయ్యి ఆనించి గీసి, 'ఇది ఇంత పెద్దయ్యేలోపు వచ్చేస్తానమ్మా' అంది, దీన్ని పెరగనిస్తే నా బిడ్డ మాట తప్పినట్టవుతుంది."