పదో అధ్యాయం

“సంతకం తర్వాత చేద్దురుగాని మేడం. ముందు ఇది చెప్పండి. ఈ పదో అధ్యాయం నిజమేనా?”

మొదటి పేజీ తిప్పబోతున్న రచయిత్రి చెయ్యి ఆగిపోయింది. బల్లకు అవతల నిలబడ్డ మనిషికి ముప్పై ఏళ్ళు కూడా ఉండవు. మెడలో ఏదో ఫ్యాక్టరీ గుర్తింపు కార్డు వేలాడుతోంది. షిఫ్టు మధ్యలో అనుమతి అడిగి వచ్చినట్టుంది. ఆమె వెనక వరస పుస్తకాల షాపు గుమ్మం దాటింది. ‘పీసీఓఎస్ ఉన్నా అమ్మనయ్యాను’ నాలుగో ముద్రణ మరి, మాటలా. అట్ట మీద రచయిత్రి, ఆమె చంకలో నవ్వుతున్న పాప. అద్దాల బీరువాలో, గోడ మీద, బిల్లు కౌంటరు పక్కన, ఎటు చూసినా ఆ తల్లీబిడ్డలే.

“పుస్తకమంతా నిజమేనమ్మా,” అంది రచయిత్రి. ఇలాంటి ప్రశ్నలకు ఆమె దగ్గర ఒక జవాబు ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. “ఒక్కొక్కరి ఒళ్ళు ఒక్కో తీరు. ఒకరికి ఏడాదిలో నెలసరి దారిన పడుతుంది, ఇంకొకరికి...”

“ఒకరి సంగతీ, ఇంకొకరి సంగతీ నాకెందుకు మేడం. మీ సంగతి చెప్పండి. తిండి మార్చాను, రోజూ గంటసేపు నడిచాను, పదకొండో నెలలో నా కడుపు పండింది అని రాశారు. పండిందా?”

షాపు ఓనరు హడావిడిగా వచ్చాడు. “వెనక జనం నిలబడి ఉన్నారమ్మా. సంతకం పెట్టించుకుని కాస్త జరిగితే...”

“ఒక్క ముక్క చెబితే జరుగుతానండి.”

మొదటి తొమ్మిది అధ్యాయాల్లో ఎక్కడ అడిగినా రచయిత్రి తడుముకోదు. పీసీఓఎస్ వస్తే అండాశయంలో ఏం జరుగుతుంది, స్కానింగు రిపోర్టు ఎలా చదవాలి, డాక్టరును ఏమేం అడగాలి, అన్నీ పదిసార్లు సరిచూసుకుని రాసింది. పదోది మాత్రం ప్రచురణకర్త అడిగితే రాసింది. సొంత అనుభవం లేకపోతే ఎవరు చదువుతారండీ అన్నాడాయన. చదివారు. ఆ ఒక్క అధ్యాయం కోసమే పుస్తకం చేతి నుంచి చేతికి పోయింది.

“నిజం కాకేం?” వరసలో రెండో మనిషి కలగజేసుకుంది. మెడలో కొలత టేపు కూడా తియ్యకుండా వచ్చేసిన టైలరు ఆమె. “నేనైతే ఆ అధ్యాయం కంఠతా పట్టాను. అది చదివాకే ధైర్యం వచ్చి, డాక్టరు రాసిన మాత్రలు మూడు నెలల కిందట మానేశాను.”

రచయిత్రి ఉలిక్కిపడింది. “మాత్రలు మానెయ్యమని నేనెక్కడ రాశాను?”

“రాయలేదు మేడం. మీరు వేసుకున్నట్టూ రాయలేదుగా.”

ఇలాంటి వాళ్ళు ఈ వరసలోనే ఇంకెంతమంది ఉన్నారో, వరసలోకి రానివాళ్ళు ఎంతమంది ఉన్నారో. తను రాసిన నాలుగు పేజీలు ఎవరి వంటింట్లోకి పోయి ఏ మందుసీసాను చెత్తబుట్టలో పడేశాయో. రచయిత్రి పెన్నుకు మూత పెట్టి లేచి నిలబడింది.

“ఆ మాత్రల గురించి ఇవాళే మీ డాక్టరును కలవండమ్మా,” అంది టైలరుతో. తర్వాత గుమ్మం దాకా వినపడేట్టు చెప్పింది. “పదో అధ్యాయం అబద్ధం. నాకు పదకొండో నెలలోనే కాదు, ఏ నెలలోనూ కడుపు పండలేదు. పాపను శిశు సంరక్షణ గృహం నుంచి తెచ్చుకున్నాం. మూడు నెలల పసిగుడ్డుగా.”

ఎత్తిన పుస్తకాల కట్టను ఎత్తినట్టే పట్టుకుని ఓనరు కొయ్యబారిపోయాడు. టైలరు మొహంలో నెత్తుటి చుక్క లేదు. తిట్టి ఉంటే రచయిత్రికి కాస్త తేలికగా ఉండేది. ఆమె తిట్టలేదు. “నేను మా ఆయనకి కూడా ఇదే చదివి వినిపించాను మేడం,” అని మాత్రం అని, పుస్తకం బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది. ఆమె వెనకే మిగతావాళ్ళు. కొందరు నోటికొచ్చినట్టు అన్నారు, కొందరు పుస్తకాలు వెనక్కిచ్చి వెళ్ళారు. ఐదు నిమిషాల్లో షాపు ఖాళీ.

ఫ్యాక్టరీ మనిషి మాత్రం కదల్లేదు. ఇంత జరిగినా ఆమె మొహంలో కోపం లేకపోవడం రచయిత్రికి వింతగా అనిపించింది.

“పాపకి చెబుతారా మేడం?”

“ఏమని?”

“మీరు కనలేదని. కన్నతల్లి వేరే ఉందని.”

“ఇంతమందికి చెప్పి దాని దగ్గర మాత్రం దాచనా? చెబుతాను. బయటివాళ్ళ నోట వినే లోపే నేనే చెబుతాను.”

ఆమె కళ్ళు నిండాయి. “చాలు మేడం. అది తెలుసుకుందామనే వచ్చాను.”

రచయిత్రికి ఆమె మీద జాలేసింది. తనలాగే ఏళ్ళ తరబడి నెలలు లెక్కపెట్టుకుంటున్న మనిషి కాబోలు అనుకుంది. “మీరు కూడా మాత్రలు మానలేదు కదా? ఎన్నాళ్ళ నుంచి ఈ బాధ?”

“నాకా జబ్బు లేదండి. ఒక పాపను కన్నాను.”

“మరి ఈ పుస్తకం మీకెందుకమ్మా?”

ఆమె పుస్తకం మూసి అట్ట పైకి తిప్పింది. పాప మొహం మీద కాదు, రచయిత్రి నడుము పక్కన వేలాడుతున్న చెప్పుల్లేని చిన్ని పాదం మీద చెయ్యి ఆనించింది.

“ఈ ఆరో వేలు మా అమ్మకుంది మేడం. నాకూ ఉంది.”