అడ్డుపుల్లమ్మ

“కాన్సర్ వచ్చిందన్నారా, వస్తుందన్నారా?”

ఆపరేషన్ గౌనులో ముడుచుకుని కూర్చున్న దర్జీ ఆలోచనలో పడింది. “వస్తుందన్నారండీ. గర్భసంచి తీసేస్తే ఇక భయం లేదన్నారు.”

“టెస్టేమైనా చేశారా?”

“లేదు.”

మంచం పక్క స్టూలు మీదున్న పెద్దావిడ తల పంకించింది. గర్భసంచి తీయించుకోబోయే ఆడవాళ్ళ దగ్గరికి వచ్చి ఇలా కూర్చోవడం ఆవిడ పని. ముందు మందులు వాడి చూడమంటుంది, పరీక్ష చేయించుకోమంటుంది, ఇంకో డాక్టరు మాట కూడా వినమంటుంది. ఆస్పత్రిలో ఆవిడకి పెట్టిన పేరు అడ్డుపుల్లమ్మ. ఆవిడ వచ్చిందంటే ఒక మంచం ఖాళీ అయినట్టేనని ఇందాకే నర్సు నవ్వింది.

దర్జీకి నవ్వు రాలేదు. ఇంకాసేపట్లో థియేటరుకి తీసుకెళ్తారు. కాన్సర్ అన్న మాట విన్నప్పటి నుంచి ఒంట్లో ఎవరో పరాయివాళ్ళు కాపురం పెట్టినట్టుంది. కోసి పారేస్తే వాళ్ళ పీడ వదులుతుందనుకుంది. ఇంతకీ తాను తీయించుకుంటున్నది రోగాన్నా, భయాన్నా?

పక్కనున్న ఆడపడుచుకి ఒళ్ళు మండింది. డాక్టరుగారి హస్తవాసి ఎలాంటిదో ఊరంతటికీ తెలుసంది. ఒకరు పైకొస్తుంటే కొందరు కళ్ళల్లో నిప్పులు పోసుకుంటారని గోడకి చెప్పినట్టు చెప్పింది.

“ఆయన మీద మీకేం పగండీ?” అని దర్జీ మెల్లగా అడిగింది.

పెద్దావిడ దుప్పటి అంచు సర్దింది. సర్దిందే మళ్ళీ సర్దింది. “పగేం లేదమ్మా. చాలా మంచి చెయ్యి. అది పాడైపోతోందనే నా బాధ.”

అంతలో డాక్టరు వచ్చాడు. పెద్దావిడ తప్ప అందరూ సర్దుకుని నిలబడ్డారు. దర్జీ ధైర్యం చేసి చెప్పింది, టెస్టు చేయించుకున్నాకే ఆపరేషన్ సంగతి ఆలోచిస్తానని. ఆడపడుచు నెత్తి కొట్టుకుంది.

డాక్టరు కేకలేస్తాడనుకున్నారు. అతను స్టూలు వైపు ఒక్కసారి చూసి, తల దించుకుని వెళ్ళిపోయాడు. అతను వెళ్ళిన వైపే కాసేపు చూసి, పెద్దావిడ మోకాళ్ళు పట్టుకుని లేచింది. పక్క మంచం దగ్గరికి నడిచింది.

గౌను ముడులు విప్పుతున్న నర్సుని దర్జీ గొంతు తగ్గించి అడిగింది, డాక్టరుగారికి ఆవిడంటే అంత జంకెందుకని.

“ఆవిడ కడుపునే పుట్టాడు కదమ్మా.”