నడుము లోతు నీళ్ళలో

క్రైస్తవ పిల్లల వేసవి శిబిరం సోమవారం మొదలవుతుంది. అంతకుముందు వారమంతా సిబ్బందికి శిక్షణ. ఐదో రోజు చీకటి పడ్డాక పాస్టరుగారు అందరినీ చెరువులోకి దింపారు. నీళ్ళలో ఒక రబ్బరు బొమ్మ వేస్తాననీ, మునిగిన పిల్లవాణ్ణి వెతికినట్టే దాన్ని వెతకాలనీ చెప్పారు.

ప్రార్థన చేసుకుని, చేతులు పట్టుకుని, వరసగా నడుము లోతు దాకా వెళ్ళారు. అందరికన్నా చివర నర్సు, ఆమె పక్కన వంటావిడ.

"పొయ్యి దగ్గర ఉండాల్సినదాన్ని, బట్టల్లా నానబెట్టారు," అంది వంటావిడ. అందరూ నవ్వారు.

పాదాలతో అడుగు తడుముకుంటూ కదిలారు. నర్సు కాలికి ఏదో మెత్తగా తగిలింది. వంగి, ఖాళీ చెయ్యి నీళ్ళలో పెట్టింది. ఒక చిన్న చెయ్యి అందింది.

"దొరికింది పాస్టరుగారూ!" అని కేకేసింది.

ఒడ్డున టార్చిలైటు వెలిగింది. "ఏం దొరికిందమ్మా? నేనింకా వెయ్యందే!" అన్నారాయన. బొమ్మ ఆయన చంకలోనే ఉంది.

నవ్వులు ఆగిపోయాయి.

"అదేదైనా సరే, వదిలెయ్ తల్లీ," అంది వంటావిడ.

"ఎప్పుడో వదిలేశానక్కా. అదే నన్ను వదలట్లేదు. నువ్వు నా చెయ్యి గట్టిగా పట్టుకో."

వంటావిడ వేళ్ళు ఒక్కొక్కటే సడలడం నర్సుకి తెలుస్తూనే ఉంది.