ట్యూబులో ఈతగాళ్ళు

ఇటు దగ్గరికి జరిగి కూర్చో తల్లీ. ఈ కథలో అరిచేవాడు ఒకడున్నాడు, అది చాలు. నేను మెల్లగానే చెబుతాను.

"ఒక్కటీ కదలడం లేదు! చచ్చిన చేపల్లా తేలుతున్నాయి!" అంటూ ప్రొఫెసరు మైక్రోస్కోపు మీంచి తలెత్తాడు. చెవులతో సహా ఎర్రబడ్డాడు.

"పొద్దున ఈ బ్యాక్టీరియా ఈదాయి సార్," అంది పరిశోధన చేస్తున్న అమ్మాయి. "చక్కెర నీళ్ళు పెడితే అటే పోయాయి. తీపి పెరుగుతుంటే సూటిగా సాగాయి, తగ్గితే పల్టీ కొట్టి దారి మార్చుకున్నాయి. నా కళ్ళతో చూశాను."

"నీ కళ్ళకి కనబడితే సరిపోయిందా? లేనిది ఉన్నట్టు రాసేవాళ్ళకి నా ల్యాబులో చోటు లేదు. సంచి సర్దుకో!"

"ఇంకో ట్యూబుంది సార్. అదొక్కటి చూసి, అప్పుడు పొమ్మనండి."

నిద్రపోయే బిడ్డను ఎత్తుకున్నట్టు ఆ ట్యూబును తెచ్చింది. ఒక్క చుక్క గాజుపలక మీద వేసింది. ప్రొఫెసరు వంగి చూశాడు. గుంపులు గుంపులుగా ఈదుతున్నాయి! కాస్త దూరం సూటిగా, ఒక పల్టీ, మళ్ళీ సూటిగా. అన్నీ చక్కెర వైపే మూగుతున్నాయి.

అతని కోపం ఇంకా పెరిగింది. "మరి ఇందాక నాకు చూపించిందేమిటి? నన్ను వెర్రివాణ్ణి చేద్దామనా?" ట్యూబు లాక్కుని ఆమె మొహం ముందు టపటపా ఊపాడు. "ఏం కలిపావిందులో? చెప్పవేం?"

అందులోంచే తానే ఇంకో చుక్క వేసుకుని చూశాడు. ఒక్కటీ ఈదడం లేదు.

ఈసారి ఆ అమ్మాయే అరిచింది. "అదే ట్యూబు సార్! మీ చేతికి రాకముందు ఈదాయి. ఇందాకటి దాన్నీ ఇలాగే ఊపేశారు. గట్టిగా ఊపితే తోకలు తెగుతాయి, తోకల్లేకపోతే ఈదలేవు అని పాఠం చెప్పింది మీరే కదా!"

ప్రొఫెసరు ట్యూబును మెల్లగా స్టాండులో పెట్టాడు. ఆమె సంచి అందుకోబోతే వద్దని చెయ్యి అడ్డం పెట్టాడు. ఫోను తీసి ఎవరికో కలిపాడు. అటువైపు ఎత్తడానికి చాలాసేపు పట్టింది.

"అమ్మలూ, పెట్టేయకే, నాన్నని. నీ బ్యాక్టీరియా కూడా ఈదే ఉంటాయమ్మా. నిన్ను ఈ ల్యాబులోంచి గెంటేసిన రోజు వాటి తోకలు తెంపింది నేనే."

గుర్తుపెట్టుకో. రేపు ఈ కథ నువ్వెవరికి చెప్పినా, అరుపులు ఎంత గట్టిగా అరిచినా పర్వాలేదు, ఈ ఫోను మాట మాత్రం మెల్లగా చెప్పు.