ఇవాళ్టి అబద్ధం

“వీరు చరిత్ర టీచర్ల పోటీకి జడ్జిగారు. మీ మాస్టారికి ఎన్ని మార్కులు వేయాలో చూడడానికి వచ్చారు. కాస్త బుద్ధిగా ఉండండి,” అంటూ మాస్టారు తొమ్మిదో తరగతి గదిలోకి వచ్చారు.

వెనకాలే ఒక బక్కపలుచని మనిషి. చేతిలో కొత్త నోటుపుస్తకం. ఒక్కో ముఖాన్నీ పట్టి పట్టి చూస్తూ వెళ్ళి చివరి బెంచీలో కూర్చున్నాడు.

లీడరమ్మ గాభరాగా వెనక్కి తిరిగి ఆయన్ను చూసింది. క్లాసు లీడరు కాబట్టి అందరూ ఆ పిల్లను అలాగే పిలుస్తారు. పోటీకి క్లాసు తరఫున మాస్టారి గురించి ఉత్తరం రాసింది తనే. నాలుగు పేజీల్లో అన్నీ రాసింది, ఒక్కటి తప్ప.

మాస్టారు ప్రతి క్లాసులో ఒక అబద్ధం చెబుతారు. గుమ్మంలో అడుగు పెట్టింది మొదలు గంట కొట్టేదాకా ఎప్పుడైనా చెప్పచ్చు. పట్టుకోవడం పిల్లల పని. “పుస్తకంలో ఉంది కదా అని నమ్మకండి. నేను చెప్పాను కదా అని అసలే నమ్మకండి,” అంటారు. చరిత్ర అంటే ఆవలించే వెనకబెంచీ వాళ్ళు కూడా ఇప్పుడు చెవులు రిక్కించి వింటున్నారు.

కిందటేడు ఒక పిల్లాడి తండ్రి వచ్చి రభస చేశాడు. “అబద్ధాలు నేర్పడానికా జీతం తీసుకునేది?” అన్నాడు. హెడ్మిస్ట్రెస్ మెమో ఇచ్చింది. ఇంకొక్క ఫిర్యాదు వస్తే పాఠాలు మాన్పిస్తానంది. అవార్డు వస్తే అందరి నోళ్ళూ మూతపడతాయని పిల్లల ఆశ. అందుకే లీడరమ్మ ఆ సంగతి ఉత్తరంలో దాచేసింది.

ఇప్పుడు జడ్జికి అది తెలియదు. అబద్ధం వినగానే, మాస్టారు తప్పు చెప్పారని రాసేసుకుంటాడు.

“మాస్టారూ, ఇవాళ కూడా ఉందా?” అడిగాడు వెనకబెంచీ జోకరు.

“ఏదిరా?”

“అదేనండీ... అది.”

“లేకుండా ఎలా ఉంటుంది?” నవ్వారు మాస్టారు.

లీడరమ్మ పాఠం పుస్తకం తీసి ఒళ్ళో పెట్టుకుంది.

పాఠం కోట ముట్టడి. శత్రువులు ఏనుగులతో చుట్టుముట్టారన్నారు, ఏడు నెలలు సాగిందన్నారు. నిజమే. లోపల బావి ఎండిపోయిందన్నారు. అదీ నిజమే. తిండి లేక సైనికులు తోలు బెల్టులు ఉడకబెట్టుకుని తిన్నారన్నారు. లీడరమ్మ బల్ల కింద గబగబా పేజీలు తిప్పింది. అదీ ఉంది.

“ఏనుగులు అబద్ధం!” అరిచాడు జోకరు. “అన్ని నెలలు వాటికి మేత ఎక్కణ్ణించి వస్తుందండీ?”

“మంచి ప్రశ్నేరా. కానీ అవి కోటలో లేవు, బయట శత్రువుల దగ్గరున్నాయి. తమరు నిద్రలో ఉండగా చెప్పాను.”

క్లాసు గొల్లుమంది. చివరి బెంచీ మనిషి నవ్వలేదు. జోకరు వైపు వంగి మెల్లిగా ఏదో అడిగాడు. వాడు తన పేరు చెప్పాడు. ఆయన రాసుకున్నాడు.

ఇంకేముంది, ఫిర్యాదుకు పేర్లు రాస్తున్నాడనుకుంది లీడరమ్మ.

గంట కొట్టడానికి ఇంకా అయిదు నిమిషాలే ఉంది. కోట తలుపు లోపలివాళ్ళే తీశారన్నారు మాస్టారు. తీసింది వంటవాడన్నారు. అన్నీ సరిపోయాయి. మరి అబద్ధం ఏది? ఒకవేళ అది ఎప్పుడో దాటిపోయి, ఆ నోటుపుస్తకంలోకి ఎక్కేసిందా?

పక్కపిల్ల మోచేత్తో పొడిచింది. “చెప్పవే! నీకే అన్నీ తెలుసుగా!”

“దొరకట్లేదే!”

చివరి బెంచీలో పెన్ను గీకుతున్న చప్పుడు ఆగడం లేదు. లీడరమ్మ లేచి నిలబడింది. వెనక్కి తిరిగింది.

“సార్, తప్పు నాదండీ. మా మాస్టారు రోజూ కావాలనే ఒక అబద్ధం చెబుతారు. మేం పట్టుకోవాలి. మీరెక్కడ మార్కులు తగ్గిస్తారోనని ఉత్తరంలో రాయలేదు. ఇవాళ మాకు దొరకలేదు సార్. మీకేదైనా తప్పు కనపడితే అది ఆయనకు తెలియక చెప్పింది కాదు. తీసేస్తే మా మార్కులు తీసేయండి.”

ఆ మనిషి పెన్ను ఆపాడు. మాస్టారి వైపు చూశాడు.

గంట కొట్టారు. ఒక్కరూ కదల్లేదు.

మాస్టారు సుద్దముక్క బల్ల మీద పెట్టారు. చేతికంటిన పొడి దులుపుకున్నారు.

“కూర్చోమ్మా. మీరు ఓడిపోయినప్పుడు అబద్ధం ఏదో నేనే చెప్పాలి కదా. పాఠంలో అంతా నిజమే.”

“మరి?”

“నీ ఉత్తరం చదివి పోయినవారమే నాకు అవార్డు ఇచ్చేశారు, దాంతోపాటే టీచర్లకు పాఠాలు చెప్పే ఉద్యోగానికి రమ్మన్నారు, జడ్జి అని నేను చెప్పిన ఈయన రేపటి నుంచి మీ చరిత్ర మాస్టారు.”