చెంగల్రాయుడి డాక్టరేటు

ఆ రోజు ఇంట్లో ఏడుగురున్నారు. పొద్దుటి రైలుకు చిత్తూరు నుంచి వచ్చిన మామ సుందరరాజు. ఉత్తరం రాసి పిలిపించిన నాయన జయరావు. పిలవకుండానే వచ్చిన పక్కింటి దేవరాజులు. వంటింట్లో అమ్మ వసంతమ్మ. గడప పక్కన అవ్వ అక్కమ్మ. అవ్వను ఆనుకుని చెంగల్రాయుడు. ఏడోది ఇంటి ఆడపిల్ల అలివేలు. ఆమెను ఎవరూ లెక్కపెట్టలేదు.

చెంగల్రాయుడు ఇంటికి ఒక్కడే కొడుకు. పోయిన తాత పేరు పెట్టారు. మొగుడి పేరు నోటితో అనకూడదు గనక అవ్వ ఎప్పుడూ ‘ఆయన’ అనేది. విని విని ఇల్లంతా ‘ఆయన’ అనడం మొదలుపెట్టింది.

ఆయన లండన్ పోయి ఎకనామిక్సులో డాక్టరేటు చేయాలని నాయన తీర్మానించాడు. యుద్ధం అయిపోయింది, ఓడలు మళ్లీ తిరుగుతున్నాయి, ఇంక అడ్డమేముంది అన్నాడు. అయితే దానికి ముందు బి.ఏ.లో ఏం చదవాలి, డిగ్రీకి ఏం పేరుండాలి? ఆ పూట తేలాల్సింది అది.

అలివేలుకు తేలాల్సింది వేరే ఉంది. ఊళ్లో బడి ఎనిమిదో తరగతితో సరి. పై చదువుకు చిత్తూరే పోవాలి. మామ అక్కడ హైస్కూల్లో అయ్యవారు. ఈ ఇంటి నుంచి ఒకరిని తమ దగ్గర పెట్టుకుంటామని అత్త ఒప్పుకుంది. ఒక్కరినే. సోమవారం బడి తెరుస్తారు. మామ సాయంత్రం రైలుకే వెళ్లిపోతాడు. అడగాల్సిన మాటను అలివేలు నోటుబుక్కులో రాసుకుని నాలుగు రోజులుగా వల్లె వేస్తోంది. తీరా మామ ఎదురుపడితే అది పెదవుల దాకా వచ్చి ఆగిపోతోంది.

సుందరరాజు ఏ డిగ్రీలో ఏ పేపర్లుంటాయో చెప్పే పుస్తకం, మద్రాసు యూనివర్సిటీ క్యాలెండరు తెచ్చాడు. లండన్ ప్రొఫెసర్లకు డిగ్రీ పేరుతో పని లేదట. లోపల ఏ పేపర్లు చదివాడో చూస్తారట. లెక్కలూ స్టాటిస్టిక్సూ గట్టిగా ఉంటే చాలట, ఎకనామిక్సు వాళ్లే నేర్పుకుంటారట.

నాయనకు ఇది మింగుడు పడలేదు.

“ఎకనామిక్సు డాక్టరు కాబోయేవాని డిగ్రీలో ఆ మాటే లేకపోతే ఎట్లప్పా? దొర అడిగితే, పైన లేదు గానీ లోపల ఉండాది సామీ అని చెప్పాల్నా?”

ఆనర్సే చదవాలని, దాని పక్కన ఎకనామిక్సు అని ఉండి తీరాలని పట్టుబట్టాడు. దేవరాజులు బి.కాం. అన్నాడు. అది చదివితే టైపు కూడా వస్తుందట. డాక్టరేటు తప్పినా టైపు తప్పదట.

“ఎందుకు బావా తగువు, ఆయన్నే అడుగుదాం” అని సుందరరాజు ముందుకు వంగాడు. “ఏమప్పా, లెక్కలా, ఎకనామిక్సా?”

చెంగల్రాయుడు మామ కళ్లద్దాల వంక చూసి నవ్వాడు.

లెక్కలంటే ఆయనకు నవ్వులాటగా ఉందని నాయన తేల్చాడు. కాదు, లెక్కలన్న మాటకే మొహం విప్పారిందని మామ వాదించాడు. మళ్లీ అడిగితే చెంగల్రాయుడు మొహం తిప్పుకున్నాడు. అవ్వ మురిసిపోయింది. తాత కూడా అంతేనట. అడగ్గానే నోరు విప్పే మనిషి కాదట.

“ఊరంతా పండుకున్నా రాత్రి మేలుకోనే ఉంటాడు. ఆయనకు డాక్టరేటు ఒక లెక్కా?” అంది.

గొంతులు పెరిగాయి. దేవరాజులు బి.కాం. బి.కాం. అంటూ నేల చరిచాడు. చెంగల్రాయుడికి కోపం వచ్చింది. మొహం జేవురించింది. ఇల్లు అదిరేలా అరిచాడు. ఎవరు సముదాయించినా వినలేదు. బి.కాం. ఆయనకు గిట్టదని చెప్పి అవ్వ లోపలి గదికి తీసుకుపోయింది. బి.కాం. అంతటితో రద్దయింది.

మిగిలిన ఇద్దరూ రాజీకి వచ్చారు. లోపల లెక్కలు, పైన ఎకనామిక్సు పేరు. అలాంటి డిగ్రీ క్యాలెండర్లో ఎక్కడా లేదు. కొత్తగా పెట్టమని యూనివర్సిటీకి అర్జీ పంపుదామన్నాడు నాయన.

రాత బాగుంటుందని అలివేలును పిలిచారు. మామ చెబుతుంటే ఆమె రాసింది. స్టాటిస్టిక్సు అన్న మాటను కొట్టివేత లేకుండా రాసింది. మామ కాగితం ఎత్తి చూసి, మా బడిలో పిల్లలకు కూడా ఇంత శుభ్రంగా రాదే అన్నాడు.

వంటింటి గుమ్మంలోంచి అమ్మ కళ్లతోనే అడగమంది.

“మామా, చిత్తూరికి నన్ను పిలుచుకోని పోతావా? చదువుకుంటా.”

ఆ మాట అంత చిన్నగా బయటికొచ్చినా అందరికీ వినిపించింది. సుందరరాజు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఉన్నది ఒక్కరికే చోటు. అది ఆయనకని మీ నాయన ఎప్పుడో చెప్పి పెట్టినాడే అన్నాడు.

“ఆయన వచ్చేదాకే ఉంటా మామా. వచ్చిన రోజే లేచి వచ్చేస్తా.”

నాయన దేవరాజులు వైపు చూశాడు. దేవరాజులు క్యాలెండరు వైపు చూశాడు. మామ మాత్రం అందులో తప్పేముంది బావా అని గొణిగాడు.

“నాదేముండాది? తావు ఆయనది” అన్నాడు నాయన చివరికి. “పోయి మీ అవ్వను అడుగు. ఆమె సరే అంటే మూట కట్టుకో.”

అలివేలు లోపలికి పరుగెత్తింది. గది తలుపు తోసి, వల్లె వేసిన మాటలన్నీ ఈసారి ఎక్కడా తడబడకుండా అవ్వకు చెప్పింది.

“ఆయనకు ఇంకా పండ్లు గూడా మొలవలేదు, అప్పుడే ఆయన తావు లాక్కోవాలని సూస్తా ఉండావా?” అని అక్కమ్మ ఒక చేత్తో ఉయ్యాల ఊపుతూనే రెండో చేత్తో ఆమె మొహాన తలుపు మూసింది.